ముక్కు పైకి, దారి అడ్డంగా: తక్కువ వేగంలో ఫైటర్ విమానం నడక

(ఏరోనాటికల్ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల వాళ్లకి వినిపిస్తోంది కదా? బోర్డు మీద గీసేవి కొన్ని ఉన్నాయి. కనిపించకపోతే ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

1989 జూన్ 8. పారిస్ దగ్గర లె బూర్జేలో ఎయిర్ షో. సోవియట్ మిగ్-29 ఒకటి జనం ముందు నుంచి చాలా నెమ్మదిగా వెళ్తోంది. ముక్కు బాగా పైకెత్తి ఉంది. వేగం గంటకి 180 కిలోమీటర్ల దరిదాపు. ధ్వనికి రెండింతల వేగం దాటగల విమానం అది. ఆ క్షణంలో కుడి ఇంజన్‌లోకి పక్షి దూరి ఇంజన్ చచ్చిపోయింది. ఎడమ ఇంజన్ తోస్తూనే ఉంది. విమానం కుడికి తిరిగి, కుడికే దొర్లి, ముక్కు నేలవైపు పెట్టి పడిపోయింది. పైలట్ అనతోలీ క్వోచుర్ నేల తాకడానికి రెండు మూడు సెకన్ల ముందు, వంద మీటర్ల లోపు ఎత్తులో, కె-36 ఎజెక్షన్ సీటుతో (పైలట్‌ని బయటికి విసిరే సీటు) బయటపడి బతికాడు.

ఇదే ఇంజన్ ఇదే విమానంలో 540 కిలోమీటర్ల వేగంలో ఆగి ఉంటే? పైలట్ కాస్త రడ్డర్ (ముక్కుని కుడి ఎడమలకి తిప్పే తోక పలక) వేసి, వెళ్లి దిగేవాడు. రెండింటికీ తేడా ఎక్కడుంది? 540ని 180తో భాగిస్తే మూడు. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి మూడు మూళ్లు తొమ్మిది. అంటే 180 దగ్గర రడ్డర్‌కి దొరికే బలం తొమ్మిదో వంతు. ఇంజన్ తోపు మాత్రం దాదాపు అంతే ఉంది. మిగిలిన తొమ్మిదో వంతు రడ్డర్ ఆ ఒంటి ఇంజన్ తిప్పుడుని ఆపలేదు. పైగా ఆ తొమ్మిదో వంతు కూడా పూర్తిగా దొరకదు, ఎందుకో తర్వాత చూద్దాం.

చాలామంది తక్కువ వేగం అనగానే స్టాల్ గురించి ఆలోచిస్తారు. రెక్క పట్టు వదిలేసి విమానం పడిపోతుందని. ఫైటర్‌లో సాధారణంగా ముందు పోయేది లిఫ్ట్, అంటే పైకి ఎత్తే బలం, కాదు. ముందు పోయేది ముక్కు మీద అదుపు. అందులోనూ కుడి ఎడమల అదుపు. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా కోణాల సంగతి తేల్చుకుందాం, లేకపోతే చివరిదాకా గందరగోళమే. విమానం ముక్కు దిగంతానికి ఎంత ఎత్తులో ఉందనేది ఒక కోణం, అది ముక్కు వాలు. విమానం నిజంగా ఏ దిక్కుకి ప్రయాణిస్తోందనేది ఇంకో కోణం, అది దారి వాలు. ఈ రెండింటి మధ్య తేడాయే యాంగిల్ ఆఫ్ అటాక్. పైలట్లు దాన్ని ఆల్ఫా అంటారు, మనమూ అలాగే అందాం. ఉదాహరణకి నౌక మీద దిగే ఎఫ్/ఏ-18 హార్నెట్ తీసుకోండి. దిగేటప్పుడు అది పట్టుకోవాల్సిన ఆల్ఫా 8.1 డిగ్రీలు. దారి కిందికి 3.5 డిగ్రీలు అనుకుందాం. అప్పుడు ముక్కు దిగంతం పైన ఎంత ఉంటుంది? 4.6 డిగ్రీలే. కాక్‌పిట్ లోంచి చూస్తే ముక్కు కాస్త ఎత్తి ఉన్నట్టు కనిపిస్తుంది, అంతే. రెక్కకి మాత్రం గాలి 8 డిగ్రీల కోణంలో కింద నుంచి తగులుతోంది. అలాగే ముక్కు నిట్టనిలువుగా ఆకాశంలోకి ఉన్నా, దారి కూడా నిట్టనిలువే అయితే ఆల్ఫా సున్నా దగ్గరే ఉండొచ్చు. కాబట్టి ముక్కు ఎటు చూస్తోందో చూసి ఆల్ఫా ఇంతని చెప్పలేం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఇది పాఠ్యపుస్తకాల్లో ఇంత సూటిగా కనబడదు గానీ చాలా పనికొస్తుంది. విమానం పెద్ద ఆల్ఫాలో సమతలంగా, స్థిరంగా వెళ్తోంది అనుకోండి. స్టాల్ దగ్గర, దాన్ని దాటాక, గాలి ఇచ్చే బలం దాదాపు విమానం వీపుకి లంబంగా ఉంటుంది. ఇంజన్ తోపు విమానం పొడవునా ఉంటుంది. ఈ రెండూ కలిసి బరువు మోయాలి. బోర్డు మీద చూడండి, ఇది వాలుబల్ల మీద పెట్టిన పెట్టె లెక్కే. కావాల్సిన తోపు = బరువు × సైన్ ఆల్ఫా. ఆల్ఫా 30 అయితే సైన్ సగం. అంటే బరువులో సగం తోపు కావాలి. అందులో పైకి ఎత్తే భాగం మళ్లీ సగం. కాబట్టి 30 డిగ్రీల దగ్గర విమానం బరువులో పావువంతు ఇంజనే మోస్తోంది, ముప్పావు రెక్క, దేహం కలిసి మోస్తున్నాయి. 45 దగ్గర చెరి సగం. 70 దగ్గర? తోపు బరువులో 94 శాతం కావాలి, మోసేది దాదాపు 88 శాతం ఇంజనే. అక్కడ రెక్క ఉన్నా ఒకటే, చేట ఉన్నా ఒకటే.

ఎత్తుకి వెళ్లేకొద్దీ ఇంజన్ తోపు తగ్గుతుంది. నేల దగ్గర బరువుకి సమానంగా తోసే ఇంజన్, పైన సగం కూడా తోయలేదు. అందుకే పైన 50, 60 డిగ్రీల ఆల్ఫాలో విన్యాసం చేసే ఏ విమానమైనా ఎత్తు కోల్పోతూనే చేస్తుంది. ఎయిర్ షోల్లో నేల దగ్గర చూసి, అది ఎక్కడైనా అలాగే వేలాడుతుందని అనుకోకండి.

సరే, ఇక రెక్క. దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో కేడెట్లు నేర్చుకునే పిలాటస్ పీసీ-7 లాంటి వాటిది తిన్నని రెక్క. 15 డిగ్రీల చుట్టుపక్కల గాలి పైతలం నుంచి విడిపోతుంది, విమానం కుదుపుతుంది, ముక్కు దానంతట అదే వాలుతుంది. స్టిక్, అంటే పైలట్ చేతిలోని అదుపు కర్ర, ముందుకి తోస్తే పట్టు మళ్లీ దొరుకుతుంది. మర్యాదస్తుడి స్టాల్ అది. ఫైటర్‌ది అలా కాదు. రెక్క బాగా వెనక్కి వాలి, అంచు పదునుగా ఉంటే, గాలి అంచు దగ్గరే విడిపోయి రెక్క పైన తాడు పేనినట్టు చుట్టుకుంటూ సుడిగా వెనక్కి పోతుంది. ఆ సుడి మధ్యలో ఒత్తిడి బాగా తక్కువ, కాబట్టి రెక్కని పైకి లాగుతుంది. అందువల్ల లిఫ్ట్ 30, 35 డిగ్రీల దాకా పెరుగుతూనే పోవచ్చు. ఎఫ్-16లో కాక్‌పిట్ పక్క నుంచి రెక్క దాకా సాగిన పలచటి అంచు, హార్నెట్‌లో పడగలా పరిచిన అంచు, ఇవన్నీ ఆ సుడిని కావాలని పుట్టించడానికే. మన నౌకాదళం కోసం చేసిన తేజస్‌లో రెక్క మొదట్లో కదిలే చిన్న పలకలుంటాయి, లెవ్‌కాన్‌లు అంటారు. అవీ ఈ సుడిని నడిపించడానికే, దిగే వేగం తగ్గించడానికే.

సుడి ఊరికే రాదు, దానికి ఖరీదుంది. ఒక కోణం దాటాక సుడి మధ్యలో పగిలిపోతుంది. నిండుగా తిరిగే తాడు ఒక్కసారి పీచుపీచుగా విడిపోయినట్టు. ఆల్ఫా పెరిగేకొద్దీ ఆ పగిలే చోటు వెనక నుంచి ముందుకి జరుగుతుంది. హార్నెట్‌లో ఆ పగిలిన గాలి నేరుగా రెండు నిలువు తోకల మీదికి వెళ్లి కొట్టేది. తోకలు వణికి వణికి మొదట్లోనే పగుళ్లిచ్చాయి. దానికి చేసిన మరమ్మతు చూస్తే ముచ్చటేస్తుంది: ఆ అంచు మీద ఒక్కోవైపు సుమారు జానెడు ఎత్తు పలక ఒకటి నిలబెట్టారు. సుడి స్వభావం మారింది, తోక మీద దెబ్బ తగ్గింది. 

ఇక అసలు విషయం, కుడి ఎడమల అదుపు.

మీ చేతిలో పెన్నుంది కదా, తియ్యండి. గాలి మీ ఎదురుగా గోడ వైపు నుంచి వస్తోందనుకోండి. పెన్ను మూత గోడవైపు, 30 డిగ్రీలు పైకి ఎత్తి పట్టుకోండి. అదే విమానం. గాలి దాని పొట్టకి తగులుతోంది. ఇప్పుడు పెన్నుని దాని చుట్టూ అదే 90 డిగ్రీలు మెలితిప్పండి. మూత ఎక్కడున్నది అక్కడే ఉంది. కానీ ఇందాక పొట్టకి తగిలిన గాలి ఇప్పుడెక్కడ తగులుతోంది? పక్కటెముకలకి! 30 డిగ్రీల ఆల్ఫా కాస్తా 30 డిగ్రీల పక్కజారుడు అయిపోయింది. ఫైటర్ 30 డిగ్రీలు పక్కకి జారితే అదుపులో ఉండదు. కాబట్టి పెద్ద ఆల్ఫాలో విమానం తన పొడవు చుట్టూ దొర్లకూడదు. మరెలా దొర్లాలి? గాలి వచ్చే దిక్కు చుట్టూ దొర్లాలి. బొంగరం వేగం తగ్గినప్పుడు తల తిప్పుతూ గుండ్రంగా ఊగుతుంది చూడండి, అలా ముక్కు ఆకాశంలో వృత్తం గీస్తూ తిరగాలి. పెన్నుతో అలా తిప్పి చూడండి, గాలి ఎప్పుడూ పొట్టకే తగులుతుంది.

దీని అర్థమేంటంటే, రోల్‌లో ఒక భాగం నిజానికి యా, అంటే ముక్కు పక్కకి తిరగడం. ఎంత భాగం? మళ్లీ సైన్ ఆల్ఫానే. సెకనుకి 60 డిగ్రీలు దొర్లాలంటే, 30 డిగ్రీల ఆల్ఫాలో సెకనుకి 52 డిగ్రీల రోల్, 30 డిగ్రీల యా ఒకేసారి కావాలి. 65 డిగ్రీల ఆల్ఫాలో అయితే రోల్ 25, యా 54. అంటే పైలట్ స్టిక్ పక్కకి వంచి 'దొర్లు' అన్నప్పుడు విమానం చేసే పని ఎక్కువగా ముక్కు పక్కకి తిప్పడమే. ఆ పని ఎవరు చేయాలి? రడ్డర్. ఆ రడ్డర్ ఎక్కడుంది? దేహం వెనక, రెక్క వెనక, విడిపోయిన గాలి నీడలో. ఇందాక తొమ్మిదో వంతు కూడా పూర్తిగా దొరకదు అన్నది ఇందుకే. ఎక్కువ పని అడిగిన చోటే తక్కువ బలం ఉంది. 

ఎయిలరాన్లు, అంటే విమానాన్ని దొర్లించే రెక్క వెనకంచు పలకలు, ఇంకా ఘోరం చేస్తాయి. కుడికి దొర్లడానికి స్టిక్ కుడికి వంచారు. ఎడమ ఎయిలరాన్ కిందికి దిగుతుంది. మామూలుగా అయితే ఎడమ రెక్క లేవాలి. పెద్ద ఆల్ఫాలో ఆ రెక్కకి ఇంకా లిఫ్ట్ ఇచ్చే స్తోమత లేదు, డ్రాగ్, అంటే గాలి వెనక్కి లాగే బలం, మాత్రం పెరుగుతుంది. ఎడమ రెక్క వెనక్కి లాగుతుంది, ముక్కు ఎడమకి తిరుగుతుంది, గాలి కుడి పక్క నుంచి తగలడం మొదలవుతుంది, వెనక్కి వాలిన రెక్కల విమానం అలాంటి గాలికి ఎడమకి దొర్లుతుంది. కుడికి అడిగితే ఎడమకి పోయింది. ఎఫ్-4 ఫాంటమ్‌కి ఈ దుర్గుణం ఉండేది. వియత్నాం కాలంలో అమెరికన్ పైలట్లు దాన్ని పెద్ద ఆల్ఫాలో ఎయిలరాన్ ముట్టుకోకుండా రడ్డర్‌తోనే దొర్లించడం నేర్చుకోవాల్సి వచ్చింది. పోట్లాట మధ్యలో భయపడ్డ మనిషి చెయ్యి స్టిక్ పక్కకే లాగుతుంది, అదీ సమస్య. తర్వాత ఎఫ్-4ఈకి రెక్క ముందంచున స్లాట్‌లు పెట్టి చాలావరకు సరిచేశారు. ఒకవేళ అదుపు తప్పితే చేయాల్సింది: స్టిక్ ముందుకి, ఎయిలరాన్ రడ్డర్ రెండూ నడిమధ్యకి, అప్పటికీ తిరగకపోతే దిగేటప్పుడు వాడే డ్రాగ్ పారాచూట్ గాల్లోనే తెరవడం. పది వేల అడుగుల కిందికి వచ్చినా అదుపు రాకపోతే దూకేయడం.

ఇంకొకటి, ముక్కు. పొడవాటి సన్నటి ముక్కు పెద్ద ఆల్ఫాలో తన సొంత సుళ్లు రెండు పుట్టిస్తుంది, కుడి ఒకటి ఎడమ ఒకటి. 30, 40 డిగ్రీలు దాటాక అవి సమానంగా ఉండవు, ఒకటి పైకి లేస్తుంది, ఒకటి అతుక్కుని ఉంటుంది. ఏది ఏ పక్కన అనేది ముక్కు కొనలో ఉన్న చిన్న గీత, రంగు పెచ్చు లాంటివి తేలుస్తాయి. ముక్కు పొడవుగా ముందుకి ఉంది కాబట్టి, ఆ పక్క బలం పెద్ద మీటలా పనిచేస్తుంది, రడ్డర్‌ని తేలిగ్గా మించిపోతుంది. పైలట్ ఏమీ చేయకుండానే ముక్కు పక్కకి కోసుకుపోతుంది. అందుకే ఎఫ్-5 ముక్కుని తర్వాత సొరచేప మూతిలా చదును చేశారు, ఎక్స్-31 అనే ప్రయోగ విమానం ముక్కు పక్కన సన్నటి పట్టీలు అతికించారు. ఇంత ఖరీదైన యంత్రం ఒక పట్టీ ముక్కతో బుద్ధి తెచ్చుకోవడం ఈ రంగంలో మామూలే.

ఇప్పటిదాకా కుడి ఎడమల గురించి చెప్పాను. పైకి కిందికి కూడా చిక్కులుంటాయి. పాతకాలంలో, 1950ల్లో, ఎఫ్-100 సూపర్ సేబర్ ఉండేది. వెనక్కి వాలిన రెక్కకి కొసలు ముందు స్టాల్ అవుతాయి. కొసలు వెనకగా ఉంటాయి కాబట్టి అక్కడ లిఫ్ట్ పోతే ముక్కు ఇంకా లేస్తుంది, డ్రాగ్ ఒక్కసారి పెరుగుతుంది, ఇంజన్ వెనక అదనంగా ఇంధనం మండించే ఆఫ్టర్‌బర్నర్ వేసినా వేగం రాదు. 1956 జనవరి 10న ఎడ్వర్డ్స్ స్థావరంలో అలా రన్‌వే మీద తోక మీద నిలబడి అటూ ఇటూ ఊగుతూ కూలిపోయిన ఎఫ్-100 ఫిల్మ్ మీద రికార్డయింది. సేబర్ డాన్స్ అని పేరు. 

ఎఫ్-16ది దానికంటే తెలివైన చిక్కు. దీని దగ్గర కాస్త ఆగుదాం.

ఎఫ్-16ని కావాలనే అస్థిరంగా కట్టారు. ధ్వని కంటే తక్కువ వేగంలో, కంప్యూటర్ వదిలేస్తే ముక్కు దానంతట అదే పైకి పోతుంది. అందుకని కంప్యూటర్‌లో హద్దు పెట్టారు: 1 జీ దగ్గర (జీ అంటే భారం మామూలు బరువుకి ఎన్ని రెట్లో చెప్పే కొలత) 25 డిగ్రీల ఆల్ఫా, 9 జీ దగ్గర 15 డిగ్రీలు. పైలట్ స్టిక్ ఎంత లాగినా దాటనివ్వదు. రెక్కల కింద బాంబులుంటే పైలట్ స్విచ్‌ని కేటగిరీ 3లో పెడతాడు, హద్దు ఇంకా తగ్గుతుంది. మరి ఇంత కాపలా ఉండగా ఎలా తప్పుతుంది? కంప్యూటర్ ఆజ్ఞ ఇవ్వగలదు, అమలు చేయాల్సింది తోక పలక. తోక పలకకి బలం గాలి నుంచి రావాలి. ముక్కు నిలువుగా ఎత్తి పైకి పోతూ వేగం పడిపోనిచ్చారనుకోండి. ఒక దశలో వేగం ఎంత తక్కువంటే, తోక పూర్తిగా తిరిగినా ముక్కు దించలేదు. లేదా పైలట్ ఒకేసారి లాగుతూ దొర్లించాడు. ఇంధనం వెనక ట్యాంకుల్లో ఎక్కువుండి బరువు కేంద్రం వెనక్కి జరిగితే ఇంకా సులువుగా తప్పుతుంది. ఆల్ఫా 25 దాటుతుంది, 35, 45, చివరికి 50-60 మధ్య ఎక్కడో నిలబడిపోతుంది. అక్కడ పైకి లేపే బలం, కిందికి దించే బలం సమానం. విమానం పొట్ట పరిచి, చాప జారవిడిచినట్టు పడుతూ ఉంటుంది. దీన్ని డీప్ స్టాల్ అంటారు. ఆల్ఫా మీటరు 32 దగ్గరే ముగుస్తుంది కాబట్టి ముల్లు అక్కడ ఆనుకుని కూర్చుంటుంది. నిజం దానికి దాదాపు రెండింతలు.

కంప్యూటర్ అప్పటికే తోకని పూర్తిగా ముక్కు దించే వైపు తిప్పి పెట్టింది. ఆల్ఫా 29 దాటగానే స్పిన్‌లో, అంటే గిరగిరా తిరుగుతూ పడటంలో, పడకుండా రడ్డర్, ఎయిలరాన్లని తన చేతుల్లోకి తీసుకుంది. పైలట్ స్టిక్ ముందుకి తోసినా కొత్తగా జరిగేదేమీ లేదు. బయటపడే దారి ఎడమచేతి పక్కనున్న ఒక స్విచ్‌లో ఉంది: మాన్యువల్ పిచ్ ఓవర్‌రైడ్. మొదట స్టిక్ వదిలేయాలి, ఆఫ్టర్‌బర్నర్‌లో ఉంటే ఇంజన్ తోపు పెంచి తగ్గించే థ్రాటిల్ వెనక్కి తేవాలి, యా దానంతట అదే తగ్గేదాకా ఆగాలి. దానంతట అది కోలుకోకపోతే ఆ స్విచ్ నొక్కి పట్టుకోవాలి. నొక్కి, వదలకుండా. ఇప్పుడు తోక మళ్లీ పైలట్ చేతికి వచ్చింది.

తోక బలంతో ఒక్క దెబ్బకి ముక్కు దిగదని ముందే అన్నాం. కానీ విమానం ఆ స్థితిలో కాస్త పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. ఉయ్యాల ఊపడం తెలిసినవాళ్లకి మిగతాది చెప్పక్కర్లేదు. ముక్కు పైకి లేస్తున్నప్పుడు స్టిక్ పూర్తిగా వెనక్కి లాగాలి, లేచే ఊపుని ఇంకా పెంచాలి. పైన ఆగి కిందికి తిరగగానే పూర్తిగా ముందుకి తోయాలి. పొరపాట్లు ఎక్కువగా రెండు రకాలు: ముక్కు లేస్తుంటే భయపడి ముందుకి తోయడం, లేదా ఊపు పూర్తికాకముందే స్టిక్ మార్చేయడం. రెండూ ఊపుని చంపేస్తాయి. సరిగ్గా చేస్తే ఒకటి రెండు ఊపుల్లో ముక్కు దిగంతం కిందికి దాటి వాలిపోతుంది. దిగగానే తొందరపడి లాగితే మళ్లీ అక్కడికే వస్తాడు, వేగం వచ్చేదాకా ఆగాలి. నేలకి 6,000 అడుగుల లోపు వచ్చినా అదుపు రాకపోతే దూకేయడమే. బ్లాక్ 15 నుంచి తోక పలక పెద్దది చేయడంతో ఈ ఇబ్బంది తగ్గింది గానీ, స్విచ్ తీసేయలేదు.

(ప్రేక్షకుల్లోంచి: కంప్యూటరే ఆ ఊపు ఊపొచ్చు కదా సార్?)

ఊపొచ్చు. కానీ అది చేయాలంటే నిజమైన ఆల్ఫా తెలియాలి, మీటరు 32 దగ్గర ఆగిపోతే తెలిసేదెలా? హార్నెట్‌కి దాదాపు ఇలాంటి ఇంకో జబ్బు ఉండేది, ఫాలింగ్ లీఫ్, ఎండుటాకు పడ్డట్టు కుడికీ ఎడమకీ ఊగుతూ పడటం. అక్కడ మాత్రం సాఫ్ట్‌వేర్ మార్చే నయం చేశారు. పక్కజారుడు ఎంత వేగంగా మారుతోందో లెక్కగట్టి దానికి ఎదురు పనిచేసేలా రాశారు.

ఇక దిగడం. ఇది రోజూ జరిగేది, కాబట్టి ఎక్కువమంది ఇబ్బంది పడేదీ ఇదే. వేగం తగ్గిస్తూ పోతే మొదట డ్రాగ్ తగ్గుతుంది. ఒక వేగం కింద మళ్లీ పెరగడం మొదలవుతుంది, ఎందుకంటే అదే బరువు మోయడానికి ఆల్ఫా పెంచాలి. ఫైటర్లు ఆ రెండో వైపే దిగుతాయి. అక్కడ విమానం కాస్త కిందికి జారిందని ముక్కు ఎత్తితే, డ్రాగ్ పెరిగి, వేగం తగ్గి, ఇంకా జారుతుంది. ముక్కు ఎత్తితే ఎత్తు రాదు, ఎత్తు కావాలంటే థ్రాటిల్. అందుకే నౌక మీద దిగేవాళ్లు ఆల్ఫాని స్టిక్‌తో ఒకేచోట పట్టుకుని, దారిని ఇంజన్‌తో సరిచేస్తారు. కాక్‌పిట్‌లో కంటికి ఎదురుగా మూడు దీపాల సూచిక ఉంటుంది: మధ్యలో గుండ్రం వెలిగితే సరిగ్గా ఉన్నట్టు. పైన కిందికి చూపే బాణం వెలిగితే ఆల్ఫా ఎక్కువ, ముక్కు దించు. కింద పైకి చూపే బాణం వెలిగితే ఆల్ఫా తక్కువ, ముక్కు ఎత్తు. బాణం ఎటు చూపితే ముక్కు అటు, ఆలోచించే పని లేదు. 

ఎఫ్-16 దిగేది 11 నుంచి 13 డిగ్రీలతో. నేల తాకాక కూడా 13 దగ్గర ముక్కు ఎత్తే ఉంచుతారు, ఆ రెక్కే గాలికి అడ్డంపడి బ్రేకు వేస్తుంది. 15కి పోతే ఇంజన్ గొట్టం, గాలికి అడ్డంగా తెరుచుకునే స్పీడ్‌బ్రేకులు రన్‌వేకి రాసుకుంటాయి. స్పీడ్‌బ్రేకులు మామూలుగా 60 డిగ్రీలు తెరుచుకుంటాయి, చక్రాలు దించాక 43 దగ్గరే ఆగిపోతాయి, సరిగ్గా ఈ భయంతోనే. త్రికోణపు డెల్టా రెక్క వాళ్లకి ఇంకో తలనొప్పి: తోక లేదు కాబట్టి ముక్కు ఎత్తడానికి రెక్క వెనకంచు పలకలు పైకి తిప్పాలి, పైకి తిప్పితే మొదట లిఫ్టే తగ్గుతుంది. లాగిన మరుక్షణం విమానం కాస్త కూర్చుని తర్వాత లేస్తుంది. 

ఇంజన్ గురించి రెండు ముక్కలు. ఇంజన్ ముందు భాగంలో గాలిని నొక్కే కంప్రెసర్‌కి సమానమైన గాలి కావాలి. ఆల్ఫా పెరిగితే ఇంటేక్ పెదవి దగ్గరే గాలి విడిపోయి, సగం మంచి గాలి సగం చెడ్డ గాలి లోపలికి పోతుంది, కంప్రెసర్ తుమ్ముతుంది. ఎఫ్-14లో మొదట పెట్టిన టీఎఫ్30 ఇంజన్లకి ఈ రోగం బాగా ఉండేది. పైగా ఆ రెండు ఇంజన్ల మధ్య దూరం దాదాపు తొమ్మిది అడుగులు. ఒకటి తుమ్మి ఆగితే రెండోది ముక్కుని పక్కకి తిప్పేస్తుంది, లె బూర్జే సంగతే మళ్లీ. ఎఫ్-16 గొంతు కింద ఇంటేక్ పెట్టడంలో లాభం ఇక్కడుంది: ముక్కు దేహమే గాలిని వంచి నేరుగా లోపలికి పంపుతుంది.

ఇంజన్ తోపునే చుక్కానిగా వాడితే ఎలా ఉంటుంది? రడ్డర్‌కి గాలి కావాలి, జెట్‌కి అక్కర్లేదు. నాసా 1987 నుంచి 1996 దాకా ఒక హార్నెట్‌తో 385 సార్లు ఎగిరి పెద్ద ఆల్ఫాని పరీక్షించింది, అందులో ఇదీ ఒక భాగం. ఇంజన్ల వెనక వేడికి తట్టుకునే లోహపు రెక్కలు పెట్టి, జెట్‌ని పక్కకి వంచి, దాదాపు 70 డిగ్రీల ఆల్ఫాలో స్థిరంగా నిలబెట్టింది. అమెరికా, జర్మనీ కలిసి కట్టిన ఎక్స్-31 కూడా 1992 నవంబరులో 70 అందుకుంది. 1993 ఏప్రిల్ 29న స్టాల్ దాటిన కోణంలోనే ముక్కు తిప్పి, చిన్న చోటులో వెనక్కి మళ్లింది. దాన్ని హెర్బ్‌స్ట్ విన్యాసం అంటారు.

ఆ ఎక్స్-31లో ఒకటి 1995 జనవరి 19న కూలింది. కారణం పెద్ద కోణమూ కాదు, సుడీ కాదు. గాలి ఒత్తిడి కొలిచే గొట్టం మార్చారు, కొత్తదానికి వేడి తీగ కలపలేదు. కాక్‌పిట్‌లో స్విచ్ మాత్రం అలాగే ఉంది. పైలట్ స్విచ్ వేశాడు, గొట్టంలో మంచు పేరుకుంది. వేగం నిజం కంటే తక్కువ చూపింది. తక్కువ వేగమంటే పలకలు ఎక్కువ తిప్పాలని కంప్యూటర్ అర్థం చేసుకుంది. నిజమైన వేగానికి అంత తిప్పుడు చాలా ఎక్కువ. విమానం ఊగి ఊగి ముక్కు 90 డిగ్రీలు దాటి లేచింది, పైలట్ దూకి బయటపడ్డాడు. ఈ విమానాలు గాలి కొలతల మీద ఎంత ఆధారపడతాయో దీన్ని బట్టి చూసుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: కోబ్రా విన్యాసంలో 120 డిగ్రీలు అంటారు కదా, అది ఎలా?)

సోవియట్ పైలట్ విక్టర్ పుగచోవ్ సుఖోయ్-27తో 1989లో అదే లె బూర్జేలో చూపించాడు. అది నిలబడి ఉండే స్థితి కాదు, ఊపు. ఆల్ఫా హద్దు స్విచ్ తీసేసి, మధ్యస్థంగా వేగం ఉన్నప్పుడు ఒక్కసారిగా లాగుతాడు. ముక్కు తన ఊపుతో నిలువు దాటి వెనక్కి వాలుతుంది, దారి మాత్రం ముందుకే. పొట్ట వెనక భాగానికి గాలి తగిలి ముక్కుని మళ్లీ కిందికి నెట్టుతుంది. వేగం ఎక్కువైతే జీ భారం ఎక్కువ, తక్కువైతే తోకకి తిరిగి దించే బలం చాలదు. కాస్త పక్కజారుడు ఉన్నా ముక్కు పక్కకి పోతుంది. పోరాటంలో ఉపయోగమా అంటే, నా లెక్కలో చాలా తక్కువ. రెండు మూడు సెకన్లు ముక్కు ఎటు కావాలంటే అటు తిప్పారు సరే, తర్వాత చేతిలో వేగం లేదు. హెల్మెట్‌తో చూపిస్తే పక్కకి తిరిగి పోయే క్షిపణులు వచ్చాక ముక్కే తిప్పాలన్న అవసరం కూడా తగ్గింది.

(ప్రశ్న: మన సుఖోయ్-30 ఎంకేఐలో ఇంజన్ గొట్టాలు పైకీ కిందికే కదులుతాయి కదా, మరి పక్కకి ఎలా తిప్పుతారు?)

మంచి ప్రశ్న. ఏఎల్-31ఎఫ్‌పీ గొట్టం ఒక్క తలంలోనే, 15 డిగ్రీలు అటూ ఇటూ కదులుతుంది. కానీ ఆ తలం నిట్టనిలువుగా లేదు. రెండు ఇంజన్ల గొట్టాల ఇరుసుల్నీ 32 డిగ్రీలు వాల్చి పెట్టారు. వెనక నుంచి చూస్తే వాటి కదలిక 'వి' అక్షరంలా ఉంటుంది. రెండూ కలిసి పైకి వెళ్తే పక్క బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, నిలువు బలమే మిగులుతుంది. ఒకటి పైకి ఒకటి కిందికి వెళ్తే? నిలువు బలాలు దొర్లించడానికి, పక్క బలాలు కలిసి ముక్కు తిప్పడానికి. ఇందాక పెన్నుతో చూశాం కదా, పెద్ద ఆల్ఫాలో దొర్లడమంటే రోల్, యా రెండూ కలిసి కావాలని. రెండూ ఒకే కదలికలో దొరుకుతున్నాయి.